దీపాలవేళ తీగ

తాడేపల్లి దాటేసరికి మొగ్గ కదిలింది. గాలికి కాదు, బస్సు కుదుపుకీ కాదు, తనంతట తనే కదిలింది. ఒళ్ళో పెట్టుకున్న డాల్డా డబ్బాని మోచేతుల మధ్య బిగించి, వెదురుబద్దల మీద కప్పిన తడి పంచె అంచు కాస్త పైకెత్తి చూశాను. పొద్దున మడిచిన గొడుగులా బిగుసుకుని ఉన్న ఆ పొడుగాటి మొగ్గ ఇప్పుడొక మెలిక వదిలి కొస దగ్గర తెల్లబడింది. అప్పుడే వద్దమ్మా, ఇంకా అయిదు కాలేదు, ముందు సీట్లో కళ్ళజోడాయన చేతి గడియారం తొంగి చూసి మరీ చెబుతున్నాను, అయిదు కాలేదు, నువ్వు విచ్చాల్సింది దీపాలు పెట్టేవేళకి. అయిదుంబావుకి బెజవాడ బస్టాండు, అక్కడ రిక్షా, ఏలూరు కాలవ దాటి గుణదల, ఎంత లేదన్నా అరగంట, ఆరింటికి పది నిమిషాలుండగా నిన్ను తెరేసమ్మ టీచరు గారి ముందు దించి ఈ పంచె లాగేస్తాను, ఆవిడ చూస్తూ ఉండగా విచ్చుకుందువుగాని. పువ్వయితే ఎప్పుడైనా చూపించొచ్చు, తెల్లవార్లూ ఉంటుంది. నేను చూపించాలనుకున్నది పువ్వుని కాదు, విచ్చుకోవటాన్ని. అది రెండు నిమిషాలు కూడా పట్టదు, ఒక మొగ్గకి ఒక్కసారే, ఆ రెండు నిమిషాల్లో ఆవిడ మొహం చూడాలి. ఆ తరవాత ఆవిడ అడుగుతారు, చౌడేశ్వరీ, ఈ విత్తనం నీకెక్కడిదే అని. అక్కడికి వచ్చేసరికి నా గుండె బస్సు ఇంజను కంటే గట్టిగా కొట్టుకుంటోంది, భయమో సంబరమో నాకే తెలియటం లేదు, రెండూ అయ్యుంటాయి, పొద్దుట్నుంచీ అన్నం కూడా సయించలేదు.

పదమూడేళ్ళయింది. అప్పుడు నాకు పదేళ్ళు, మంగళగిరిలో మా వీధి చివరి బడిలో నాలుగో తరగతి, మా టీచరు తెరేసమ్మగారి ఇల్లు బడి వెనకాలే, ఇంటి పక్కన బావి, బావి స్తంభాలు రెండిటి మీదా, గిలక దూలం మీదా ఈ తీగే. పగలు చూస్తే ఏమీ లేదు, రావాకుల్లాంటి ఆకులు, గరుగ్గా ఉండే కాడ, అంతే. బడి వదిలాక మేం ఇళ్ళకి పోకుండా అక్కడే తచ్చాడేవాళ్ళం, పొద్దు వాలాక ఆవిడ చేతులు కడుక్కుని బయటికొచ్చి, "ఊఁ, మొదలెట్టండర్రా, ఏ అంకె దగ్గర విచ్చుకుంటుందో చూద్దాం" అనేవారు. మేం ఒకటి నుంచీ గొంతులు కలిపి లెక్కపెట్టేవాళ్ళం. ముందు మొగ్గ వణికేది, చలి పుట్టినట్టు, తరవాత ఒక అంచు జారేది, ఇంకో అంచు, అంతలో ఒక్క విదిలింపున అరచేయంత తెల్లదనం మా మొహాల ముందు నిలబడేది, దాని మధ్య లేతాకుపచ్చ గీతలు అయిదు. ఆ వాసన! గంజి వాసనలో, రంగు నూలు వాసనలో పుట్టి పెరిగిన సాలెవాళ్ళ పిల్లని, లోకంలో అలాంటి వాసనొకటి ఉందని నాకెవరు చెప్పారు. ఇంటికెళ్ళి మగ్గం గుంట దగ్గర కూర్చుని కండెలు చుడుతున్నా, నాడె అటూ ఇటూ కొట్టుకుంటున్న చప్పుడులో కూడా, నా ముక్కు బావి దగ్గరే ఉండేది. దానికి పేరేమిటని అడిగితే, దివిసీమలో వాళ్ళమ్మ దీపాలవేళ తీగ అనేదని చెప్పారు టీచరమ్మగారు. వాళ్ళమ్మకి వాళ్ళ అమ్మమ్మ ఇచ్చిందట, ఆ పెద్దావిడకి ఎవరిచ్చారో తెలియదట, ఏటేటా కాయ ఎండాక గింజలు తీయటం, వానలు పడగానే విత్తటం, నాలుగు తరాలుగా ఒక్క ఏడు కూడా తప్పలేదట. నాకో గింజ ఇవ్వండి టీచరమ్మగారూ అన్నాను, సిగ్గు లేకుండా రోజూ అన్నాను. "మొలిపించటం ఎవరైనా మొలిపిస్తారే. ఏటేటా నిలబెట్టటం కష్టం. పెద్దయ్యాక అడుగు" అన్నారు ఆవిడ. చర్చి ఫాదరుగారు అడిగినా ఇవ్వలేదని విన్నాం, హెడ్మాస్టరు గారు అడిగినా ఇవ్వలేదు. ఇక నేనెంత.

అందుకని దొంగతనం చేశాను. ఇప్పుడు బస్సులో ఇంతమంది మధ్య కూర్చుని ఆ మాట మనసులో అనుకున్నా చెవులు వేడెక్కుతున్నాయి. చాక్‌పీసులు తెమ్మని నన్నే ఇంట్లోకి పంపారు ఆవిడ, నమ్మకం కొద్దీ. చాక్‌పీసుల పక్కనే గూట్లో బిస్కట్ల డబ్బా, డబ్బాలో పాత క్యాలెండరు కాగితం పొట్లం, పొట్లంలో తొమ్మిది గింజలు, బఠాణీలంత, దంతం రంగు. నాలుగు తీశాను. పరికిణీకి జేబు లేదు, అరచేతిలో పెట్టుకుంటే కనబడతాయి, నోట్లో వేసుకుని దవడకి నొక్కిపెట్టి క్లాసులోకి వచ్చాను. చాక్‌పీసులు బల్ల మీద పెట్టి నిలబడితే టీచరమ్మగారు నా వంక ఒక నిమిషం చూశారు. "కూర్చో" అన్నారు. ఆ నాలుగూ నూలు చుట్టే ఒక పాత కండె గొట్టంలో బూడిదతో పాటు పోసి, రెండు పక్కలా దూది కుక్కి దాచాను. నాటలేదు. ఎలా నాటను? దొంగిలించిన నగనైనా పెట్టె అడుగున దాచుకోవచ్చు గానీ ఈ తీగ పూసిందంటే వీధి వీధికీ వాసనొస్తుంది, అదిగో చౌడేశ్వరి ఇంట్లో అని. అలా నాలుగో తరగతి అయిపోయింది, బడే అయిపోయింది, టీచరమ్మగారు పింఛను తీసుకుని, గింజల డబ్బాతో సహా, దివిసీమలో తమ్ముడి దగ్గరికి వెళ్ళిపోయారు, నాకు పెళ్ళయి రెండు వీధుల అవతలికి కాపురానికొచ్చాను, నా పెట్టెలో బట్టల కింద ఆ కండె కూడా వచ్చింది.

బస్సు ఆగింది. ఉండవల్లి మలుపు దాటి బ్యారేజీ మీదకి ఎక్కింది, సగం దూరం వచ్చిందో లేదో కీచుమని ఆగింది. రోడ్డుకి ఇరుపక్కలా గోడలు, ముందు ఇంకో బస్సు వీపు, దాని ముందు ఎడ్లబండ్లు, రిక్షాలు. కండక్టరు దిగి వెళ్ళి చూసొచ్చాడు. ఇందాక డ్రైవరు "లాజరూ" అని పిలవటం విన్నాను, బక్కపల్చటి మనిషి, చెవి వెనక పెన్సిలు.

"ముందర ఇటికల లారీకి ఇరుసు విరిగిందండీ. అడ్డంగా పడుంది. అటువాళ్ళు అటే, ఇటువాళ్ళు ఇటే," అన్నాడు.

"ఎంతసేపు?" అన్నాను. నా గొంతు నాకే అరుపులా వినబడింది.

"ఇటికలన్నీ దించితే గాని జరగదంటన్నారమ్మా. గంటో, గంటన్నరో."

గంటన్నర! కళ్ళజోడాయన గడియారం అయిదూ పది. నేను లేచాను. నడిచిపోతాను, అవతలి ఒడ్డు అదుగో కనబడుతూనే ఉంది, దుర్గమ్మ కొండ మీద గుడి కూడా కనబడుతోంది, అక్కడికి చేరితే రిక్షా దొరక్కపోతుందా, డబ్బా చంకన పెట్టుకుని జనాన్ని తోసుకుంటూ మెట్టు దిగాను. నది మీది గాలి ఒక్క పెట్టున పంచెని ఎగరేసింది, పట్టుకునేలోపల వెదురుబద్దలు వంగాయి, మొగ్గ పక్కనే ఉన్న ఆకు సర్రున చిరిగింది. ఎవరో వెనకనుంచి నా జాకెట్టు పట్టుకుని లోపలికి గుంజారు. పక్క సీటావిడ, ఖాళీ గంపతో కూర్చున్న మనిషి.

"పిచ్చిదానా, ఈ గాలికి తీగ నిలబడిద్దా? తుంచి పారేస్తది. కూకో ఇట్టా."

కూర్చున్నాను. ఆవిడ తన గంపని బోర్లించి కిటికీకి అడ్డం పెట్టింది, పేరు ఆదెమ్మ, కృష్ణలంకలో ఉంటుంది, రోజూ మంగళగిరి బజారుకి పండ్లు మోస్తుంది, ఇదంతా నేనడక్కుండానే చెప్పి, "లోపలుందేంది?" అంది. మొగ్గ, అన్నాను. మొగ్గ కోసమా ఇంత ఆరాటం, అన్నట్టు చూసి, "ఎవురికమ్మా?" అంది. ఆ ప్రశ్నకి నా కళ్ళు అవతలి కిటికీలోంచి నీళ్ళ మీదకి పోయాయి.

అక్టోబరు నెల, పైనుంచి వరద, గేట్లు ఎత్తేశారు, ఎర్రటి నీళ్ళు బస్సు కిందనుంచి ఉరుముతూ పోతున్నాయి, బస్సు నేలే అదురుతోంది. ఈ నీళ్ళు అలా అలా దివిసీమకే పోతాయి. కిందటి నవంబరులో ఆ దివిసీమకి నీళ్ళు ఇటునుంచి కాదు, సముద్రంలోంచి వచ్చాయి. మాకిక్కడ ఒక రాత్రంతా గాలి, తెల్లారేసరికి మగ్గాల పాక కప్పు లేదు, అదే పెద్ద కష్టమనుకుని ఏడుస్తుంటే రెండు రోజుల తరవాత లారీల్లో మనుషులొచ్చారు, కట్టుకోను బట్ట లేని మనుషులు. మా వీధిలో ప్రతి ఇంటివాళ్ళూ మగ్గం మీదున్న గుడ్డ మగ్గం మీదే కోసి ఇచ్చారు. మా ఆయన పాండురంగయ్య సగం నేసిన చీర కత్తిరించి ఇచ్చాడు. టీచరమ్మగారి ఊరు ఏమయిందని ఎవరినడిగినా తల అడ్డంగా ఊపారు. ఆవిడ కూడా పోయారనే అనుకున్నాను, నెలల తరబడి. మొన్న ఆషాఢంలో నేసిన చీర ఇవ్వటానికి నేత సొసైటీ దుకాణానికి వెళితే, అక్కడ చీర కొనడానికొచ్చిన ఒకావిడ మాటల్లో తెలిసింది, అమలమ్మ అట, నర్సు, గుణదల, టీచరమ్మగారి అక్కగారి కూతురు. ఉప్పెన నాటికి టీచరమ్మగారు అమలమ్మ కాన్పుకని బెజవాడలో ఉండిపోయారు, అందుకని మిగిలారు. తమ్ముడు బాలశౌరి, అతని పెళ్ళాం, పిల్లలు, ఇల్లు, ఏవీ మిగలలేదు. "పిన్ని ఎవరితోనూ మాట్లాడదు. ఒక్కసారంటే ఒక్కసారి అంది, అమ్మ తీగ కూడా పోయిందే అని. ఏం తీగో నాకు తెలియదు," అంది అమలమ్మ. నేను చేతిలో ఉన్న చీర అక్కడే పడేసి ఇంటికి పరుగెత్తాను. ఏమైందే అని మా అత్తగారు సుబ్బరత్నం వెంటపడింది, పెట్టె తెరిచి బట్టలన్నీ గిరాటేశాను, కండె, దూది, బూడిద, నాలుగు గింజలు. పదమూడేళ్ళ గింజలు, గోధుమరంగు తిరిగి రాళ్ళలా ఉన్నాయి. లోకం మొత్తం మీద ఆ తీగ ఎక్కడైనా ఉందంటే నా అరచేతిలోనే ఉంది. ఆ నిమిషం నా ఒళ్ళు జలదరించింది, ఇప్పుడూ జలదరిస్తోంది, ఆదెమ్మ నా చెయ్యి పట్టుకుని "చలేస్తందా?" అంటోంది.

నాలుగిటినీ గుమ్మం రాయి మీద ఒక పక్క కొంచెం అరగదీశాను, పైతోలు పోయి లోపల తెల్లగా కనబడేదాకా, గోరువెచ్చటి నీళ్ళలో ఒక రాత్రి నానబెట్టాను. పొద్దునకి రెండు ఉబ్బాయి, రెండు ఉబ్బలేదు. ఉబ్బని రెండూ కుళ్ళిపోయాయి. ఉబ్బిన రెండూ ఆరో రోజున మట్టిని ఎత్తాయి, నడుం వంచుకున్నట్టు వంగిన కాడలు, వాటిని చూసి నేను మగ్గం దగ్గరికి పరుగెత్తి ఈయన్ని చెయ్యి పట్టుకుని లాక్కొచ్చాను, నాడె చేతిలోనే ఉంది. మర్నాడు అత్తగారి కోడిపెట్ట ఒకదాన్ని పొడుచుకు తినేసింది. నేను గోడకి చేరగిలబడి ఏడ్చాను. "తీగ కోసం ఏడ్చేదాన్ని నిన్నే చూశాను, పాములొస్తయ్యే ఇంటికి" అని కసిరిన ఆవిడే ఆ మధ్యాహ్నం నుంచీ కర్ర పట్టుకుని డబ్బా దగ్గర కూర్చుంది, కోడిపెట్టని ఆదివారం కూర వండేసింది. ఒక్క మొక్క. లెక్కేసుకోకుండా ఉండలేకపోయేదాన్ని, ఇవాళ నాలుగాకులు, ఇవాళ ఆరు, ఇవాళ నులితీగ పుల్లని పట్టుకుంది. ఎప్పటికైనా బెజవాడ తీసుకుపోవాలని నేలలో పెట్టలేదు, డబ్బాలోనే ఉంచాను, ఈయన వెదురుబద్దలు చీల్చి, పాత పడుగు దారంతో కట్టి గూడులా అల్లిపెట్టాడు. ఒక రోజు ఆయనకి చెప్పేశాను, ఇది దొంగ విత్తనమని. ఆయన చాలాసేపు బద్దలకి ముడులు వేస్తూనే ఉండి, "ఇచ్చేద్దువుగాని, ఎందుకా మొహం" అన్నాడు. ఇవాళ దసరా చీర మగ్గం మీదుండి తను వెంట రావటానికి వీల్లేక, బస్సుదాకా డబ్బా మోసుకొచ్చి, కండక్టరుతో పదిసార్లు జాగర్త చెప్పి దిగాడు.

"ఏంటమ్మా, కదుల్తందా?" ఆదెమ్మ. పంచె కింద నిజంగానే చప్పుడయింది, ఆకు మీద ఆకు రాసుకున్న చప్పుడు. తీసి చూస్తే ఇంకో మెలిక పోయింది. ఎడమ పక్క కిటికీల్లోంచి ఎండ నీళ్ళ మీద పడి బస్సు లోపలికి కొడుతోంది, కాని ఎర్రబడిపోయింది, సూర్యుడు నది ఎగువన నీళ్ళకి రెండు మూరల ఎత్తులో ఉన్నాడు. అప్పుడు నాకు తట్టింది, ఈ పంచె, ఈ చీకటి! నేనే దీనికి పొద్దుగూకించేస్తున్నాను. పంచె లాగి పారేశాను. ఎండ చూడమ్మా, పగలే ఇంకా, పగలే. గూడంతా బయటపడేసరికి చుట్టూ మెడలు తిరిగాయి. ఏమిటది, ఏమిటది. చీకటి పడితే విచ్చుకుంటుందండీ, విచ్చుకోకూడదు, గుణదలలో ఒక పెద్దావిడ ముందు విచ్చుకోవాలి, ఆవిడ ఊరూ ఇల్లూ ఉప్పెనలో పోయాయి, ఇది వాళ్ళమ్మ తీగ, ఇదొక్కటే ఉంది. నేనెప్పుడూ పరాయి మగవాళ్ళ ముందు నాలుగు మాటలు వరసగా మాట్లాడి ఎరగను, ఇప్పుడు బస్సు మొత్తానికి చెబుతున్నాను. కొందరు కిటికీలోంచి నది దిగువకేసి చూశారు. ఉప్పెన అనేసరికి ఆ ఏడు ఎవరైనా అంతే.

లాజరు సీట్ల మధ్యనుంచి వచ్చి మొగ్గ వంక వంగి చూశాడు. "వెలుతురుంటే ఆగుద్దా?" అన్నాడు.

"ఆగుతుందేమోనండీ. తెలియదు."

"డ్రైవరుగారూ!" అరిచాడు లాజరు. "లోపల లైట్లెయ్యండి. అన్నీ వేసెయ్యండి. పువ్వు నిద్ర లేవకూడదంట!"

అందరూ నవ్వారు, నవ్వుతూనే జరిగారు, ఎండ నా మీద పడేటట్టు కిటికీల దగ్గరివాళ్ళు తలలు వంచారు, కళ్ళజోడాయన లేచి నిలబడి సీటిచ్చి బల్బు కిందకి జరగమన్నాడు, ఎవరో టార్చిలైటు తీసి మొగ్గ మీదకి పట్టారు. "కంట్లోకి కొట్టమాకయ్యా దానికి" అని ఆదెమ్మ కసిరింది. సూర్యుడు నీటికి మూరెడు ఎత్తున, బెత్తెడు ఎత్తున, తరవాత నీళ్ళలో సగం. మొగ్గ ఆగింది. నిజంగా ఆగింది, అయిదు నిమిషాలు, పది నిమిషాలు, నేను ఊపిరి బిగబట్టి చూస్తున్నాను, ఆగు తల్లీ, లారీ జరుగుతోందట, ఇటికలు సగం దించారట, లాజరు పరుగున వెళ్ళి చూసొచ్చి మరీ చెబుతున్నాడు, కొద్దిగా ఆగు. నీళ్ళ మీది ఎరుపు పోయి బూడిదరంగు వచ్చింది. బస్సు లోపల మా పసుప్పచ్చ బల్బులు, బయట బెజవాడలో ఒక్కో దీపం, కొండ మీద దీపాల వరస.

మొగ్గ వణికింది.

ఆ వణుకు నాకు తెలుసు. పదమూడేళ్ళయినా నా వేళ్ళకి తెలుసు, డబ్బా అంచుని పట్టుకున్న వేళ్ళలోకి అది వచ్చింది. ఏడుపు రావాలి నాకు, గుణదల అందలేదని, ఇంత చేసీ ఆవిడ ముందు కాలేకపోయిందని, కాని ఏడుపు రాలేదు, నా నోట్లోంచి "ఒకటి" అని వచ్చింది. రెండు. మూడు. నా గొంతు పదేళ్ళ పిల్ల గొంతులా ఉంది. నాలుగు దగ్గర ఆదెమ్మ కలిసింది, ఎందుకో కూడా అడక్కుండా. ఏడు, ఎనిమిది, లాజరు, కళ్ళజోడాయన, వెనక సీట్లవాళ్ళు, నిలబడ్డవాళ్ళు. పదిహేను. ఒక అంచు జారింది. బస్సు మొత్తం "అబ్బ" అని ఒక అంకె తప్పిపోయి మళ్ళీ అందుకుంది. ఇరవై. ఇరవై ఒకటి. కింద నీళ్ళ ఉరుము, పైన మా లెక్క. ఇరవై ఆరు. ఇరవై ఏడు! విదిలించుకుంది. ఒక్కసారిగా, నా మొహానికి జానెడు దూరంలో, తెల్లగా, పళ్ళెంలా, నిండుగా, దాని మధ్య లేతాకుపచ్చ గీతలు అయిదు, అవే, ఎక్కడా ఏమీ మారలేదు. ఆ తరవాత వాసన వచ్చింది. సీటు వెంట సీటు, ముందుకీ వెనక్కీ పాకింది, వెనక చివర ఎవరో ముసలాయన "ఆఁ, వచ్చిందొచ్చింది" అన్నాడు. డ్రైవరు కూడా తన సీటు వదిలి వెనక్కి వచ్చి నిలబడ్డాడు. ఎవరూ ముట్టుకోలేదు. నేను ఏడుస్తున్నాను, నవ్వుతున్నాను, ముక్కు తుడుచుకోవడానికి చేతులు ఖాళీ లేవు, ఆదెమ్మ తన కొంగుతో తుడిచింది.

ఎప్పుడు లారీ జరిగిందో, ఎప్పుడు బస్సు కదిలిందో నాకు సరిగా గుర్తు లేదు. బస్టాండులో నన్ను రిక్షా ఎక్కించింది ఆదెమ్మే, రిక్షా అతనితో "నెమ్మదిగా తొక్కు, గుంతలు చూసుకో" అని దబాయించింది, రిక్షా కదిలాక కూడా పక్కన నాలుగడుగులు నడిచి, "గింజలయినాక నాకోటియ్యవే అమ్మాయ్" అంది. ఇవ్వటానికి నేనెవరిని. కాలవ వంతెన మీద, మాచవరం దీపాల కింద, జనం తలలు తిప్పి చూస్తున్నారు, నేను చూస్తున్నది మాత్రం ముందుకే, ఏం చెప్పాలి, ముందు దణ్ణం పెట్టాలా, ముందు దొంగతనం చెప్పాలా, పువ్వు చూపించాక చెప్పాలా, చూపించాక చెబితే పువ్వుని అడ్డం పెట్టుకున్నట్టుంటుంది కదూ, ముందే చెప్పేస్తాను, గుమ్మంలోనే. కొండ కింద సందులో మూడో ఇల్లు. అమలమ్మ చంకన బిడ్డతో తలుపు తీసి, నన్ను చూసి, పువ్వుని చూసి, పక్కకి తప్పుకుంది.

టీచరమ్మగారు గోడవారన మంచం మీద కూర్చుని ఉన్నారు. అంత చిన్న మనిషా ఆవిడ? డబ్బా ఆవిడ కాళ్ళ దగ్గర దించాను. అనుకున్న మాటలన్నీ పోయాయి. ఆవిడ నా మొహం చూడలేదు, ముందుకు వంగి పువ్వుని అలా చూస్తూ ఉండిపోయారు.

"ఎక్కడ విచ్చింది?" అన్నారు చివరికి.

"బ్యారేజీ మీదండీ. బస్సు ఆగిపోయిందండీ. మీ ముందు విచ్చాలని..."

"ఏ అంకె?"

"ఇరవై ఏడండీ. బస్సంతా లెక్కపెట్టారు."

"బస్సంతానా?" ఆవిడ తలెత్తారు. అప్పుడు చూశారు నన్ను. కళ్ళు మాత్రం అవే, చాక్‌పీసుల రోజున చూసిన కళ్ళు. ఇక ఆగలేదు నేను. "టీచరమ్మగారూ, ఆ విత్తనాలు నేనే..."

"నాలుగు," అన్నారు ఆవిడ. "తొమ్మిదిట్లో నాలుగు. నోట్లో పెట్టుకుని పన్నుపోటు వచ్చినదానిలా నిలబడ్డావు."

నాకు నేల కదిలినట్టయింది. "తెలుసా అండీ? మరి అడగలేదేమండీ?"

"అడిగితే భయపడి ఏ బావిలోనో పారేసేదానివి. మర్నాడు పొద్దున గింజలకి తడి తగలకూడదు, బూడిదలో పెట్టాలి అని క్లాసులో చెప్పానా లేదా? ఆ పాఠం నాలుగో తరగతి పుస్తకంలో ఎక్కడుందే?"

చెప్పారు. చెప్పారు! నల్లబల్ల ముందు నిలబడి, నా వైపు చూడకుండా, రెండుసార్లు చెప్పారు. అది ఎక్కడ విన్నానో మరిచిపోయి, నాకే తెలుసనుకుని ఇన్నేళ్ళూ ఉన్నాను. నేను అక్కడే నేల మీద కూలబడ్డాను. ఆవిడ చెయ్యి నా తల మీదకొచ్చింది.

"మా బాలశౌరి అడిగాడు," అన్నారు, నాతో కాదు, పువ్వుతో. "పెద్దపిల్ల అత్తారింటికి పోతోందక్కా, దానికి రెండు గింజలియ్యి, అన్నాడు. వచ్చే ఏడు చూద్దాంలే అన్నాను." అమలమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తరవాత టీచరమ్మగారు గట్టిగా ఊపిరి తీసుకున్నారు, ఆ వాసనే ఊపిరి కదా ఇప్పుడీ గదిలో, "అమలా, తలుపు బార్లా తియ్యి. ఎదురింటివాళ్ళని పిలువు. సందు చివరిదాకా పిలువు," అన్నారు.

వచ్చారు. వాసనకే సగం మంది గుమ్మంలో చేరి ఉన్నారు, అమలమ్మ పిలిచేసరికి తోసుకుంటూ లోపలికి, ముసలివాళ్ళు, పిల్లలు, డ్యూటీనుంచి అప్పుడే వచ్చి యూనిఫారం విప్పని రైల్వే ఆయన, ఎన్నాళ్ళుగానో ఎవరితోనూ మాట్లాడని మనిషి పిలిచిందని బెదురుగా, ఆశ్చర్యంగా. ఇదేం పువ్వండీ, ఎక్కడిదండీ, మాకో అంటు ఇస్తారా, విత్తనాలా, అయితే మాకో విత్తనం, మాకు, మాకండీ, అందరూ ఒక్కసారే. టీచరమ్మగారు మంచం కోడు పట్టుకుని లేచి నిలబడ్డారు. "ఏమిటా గోల?" అన్నారు. ఆ గొంతు వినగానే నా వీపు దానంతట అదే నిటారయింది. "అందరికీ ఇస్తాను. ముందు కాయ కట్టాలి, ఎండాలి. ఒక్కొక్కరే, చెయ్యెత్తి అడగండి."

గదిలో చేతులు లేచాయి, గాజుల చేతులు, ముడతల చేతులు, బిడ్డని ఎత్తుకున్న అమలమ్మ చెయ్యి కూడా. నేను కింద కూర్చునే, నా చెయ్యి కూడా ఎత్తాను.